అలన్ ట్యూరింగ్

గణకయంత్ర శాస్త్రానికి పునాదులు వేసిన అలన్ ట్యూరింగ్ 1912 జూన్ 23వ తేదీన లండన్ నగరంలో జన్మించాడు. ఆయన తండ్రి మద్రాసు ప్రెసిడెన్సీలో ఐ.సి.ఎస్. అధికారి; తల్లి మద్రాసు రైల్వే ముఖ్య ఇంజనీరు కుమార్తె. తల్లిదండ్రులు ఉద్యోగరీత్యా భారతదేశంలో ఉండగా అలన్ ఇంగ్లండులో పరుల ఇంట పెరిగాడు.

కేంబ్రిడ్జిలో గణితం అభ్యసించి, సూచనలు మార్చినంతనే వేర్వేరు గణనలను ఒక్క యంత్రమే చేయగలదని 1936లో నిరూపించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ నౌకాదళపు ఎనిగ్మా రహస్యలిపిని ఛేదించడంలో ప్రముఖపాత్ర వహించాడు. ఆ సేవ దశాబ్దాల పాటు లోకానికి తెలియలేదు.

1952 జనవరిలో మాంచెస్టరు సమీపాన ఆయన ఇంట దొంగతనం జరిగింది. ఆయన పోలీసులకు ఫిర్యాదు చేశాడు. విచారణలో మరొక పురుషునితో తనకు గల సంబంధాన్ని దాచలేదు. 1885 నాటి చట్టం ప్రకారం అది నేరం. దొంగను పట్టుకొమ్మని కోరినవాడే ముద్దాయి అయ్యాడు! అటువంటి చట్టం నీడలో బ్రతికేవారు దోపిడీకి గురైనా, బెదిరింపులకు లోనైనా రక్షణ కోరలేరు. వైద్యుని ఎదుట సైతం మనసు విప్పలేరు.

కారాగారమా, హార్మోను చికిత్సయా అన్న ప్రశ్న ఆయన ముందు నిలిచింది. ట్యూరింగ్ రెండవదానిని అంగీకరించాడు. చికిత్స అన్నది పేరుకే. నయం చేయడానికి అక్కడ రోగమే లేదు. ఒక సంవత్సరం పాటు శరీరంలోనికి ఎక్కించిన స్త్రీ హార్మోను ఆయనను నపుంసకుని చేసింది, వక్షోజాలు పెరిగేలా చేసింది. 1947లో మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాలలో పూర్తిచేసిన దేహమది. ప్రభుత్వ రహస్యలిపి సంస్థలో సలహాదారు పని కూడా పోయింది. 1953లో నార్వే మిత్రుడొకడు ఇంగ్లండు వస్తే పోలీసులు అతనికోసం గాలించారు. శిక్ష ముగిసినా నిఘా ముగియలేదు.

1954 జూన్ 7న ట్యూరింగ్ సయనైడ్ విషంతో మరణించాడు. వయస్సు 41 సంవత్సరాలు. విచారణాధికారి ఆత్మహత్యగా నిర్ణయించాడు. ప్రమాదమని తల్లి నమ్మింది. హార్మోను చికిత్స ముగిసి అప్పటికి సంవత్సరం దాటింది గనుక, ఆ మరణానికి అదొక్కటే కారణమని చెప్పడం సాహసమే. అయితే ఆయన ఆఖరి రెండేళ్ళ ఆరోగ్యాన్నీ, ఉపాధినీ, మనశ్శాంతినీ దెబ్బతీసింది మాత్రం ఆ తీర్పే.

ఇంగ్లండు, వేల్స్‌లలో ఆ చట్టం 1967లో సడలింది. బ్రిటిష్‌వారు 1860లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన 377వ సెక్షన్ వయోజనుల పరస్పర సమ్మత సంబంధాలకు వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. ట్యూరింగ్ విషయమై బ్రిటన్ ప్రధాని 2009లో క్షమాపణ చెప్పాడు. 2013లో రాణి క్షమాభిక్ష ప్రకటించింది. ఆయనవలె శిక్షపడి మరణించిన వేలాదిమందికి ఆ క్షమాభిక్ష లభించడానికి 2017 వరకు పట్టింది.