కాక్ పండితుడు – కలరా క్రిమి

వ్యాధిక్రిమిని కనుగొనుట యొక విద్య. దానిని బోలిన క్రిమినుండి విడదీసి గుర్తించుట మఱియొక విద్య. రాబర్టు కాక్ పండితుని యందు లోకము మొదటిదానినే కొనియాడుచున్నది. మేము రెండవదానిని జ్ఞప్తికి దేనెంచితిమి.

ఆయన 1843లో జర్మనీలోని క్లౌస్తాలున గనుల యుద్యోగి యింట జన్మించి, పల్లెపట్టుల వైద్యము చేసి, 1882లో క్షయక్రిమిని లోకమునకు జూపెను. మరుసటి యేట ఈజిప్టున కలరా చెలరేగగా నచటికేగెను. వ్యాధి తగ్గిపోవుటచే కలకత్తాకు వచ్చెను. 1884 ఫిబ్రవరి నాటికి రోగుల ప్రేగులందును, ఒక చెఱువు నీటియందును కామా గుర్తువలె వంగిన క్రిమిని పట్టుకొనెను.

చిక్కు పిమ్మట వచ్చినది. ఆ యేడే బాన్ నగరమున ఫింక్లరు, ప్రయరు అనువారు కలరా కాని విరేచనవ్యాధిలోను అట్టి వంపు క్రిమియే కలదని ప్రకటించిరి. రెండును ఒకటియే యైనచో కాక్ వాదము కూలవలసినదే. ఆయన ఆకారముతోనే వాదింపక క్రిముల నడవడిని పరీక్షించెను. రెంటిని జెలటిను అను గడ్డకట్టిన జిగురునందు పెంచెను. కలరాక్రిమి దానిని మెల్లమెల్లగా గరాటువలె కరగించెను. బాన్ క్రిమి వడివడిగా సంచివలె వెడల్పుగా కరగించివేసెను. కంటికి తోబుట్టువులవలె దోచినవి పనిలో వేరుజాతులని తేలిపోయెను.

ఆంగ్లప్రభుత్వము వారికి మాత్రమిది రుచింపలేదు. 1884లోనే క్లైన్, గిబ్స్ అనువారిని మనదేశమునకు బంపి, కామాక్రిమియే కలరాకు కారణమనుట ఋజువు కాలేదను నివేదికను బడసిరి. ఒప్పుకొన్నచో ఓడలకు క్వారంటైను, వర్తకమునకు నష్టము! అందు శాస్త్రమెంతయో, రేవుల లెక్కలెంతయో పాఠకులే యూహింపగలరు.

కాక్ నిర్దోషి యని మేమనము. 1890లో క్షయకు మందు దొరికినదని తొందరపడి చెప్పి యపకీర్తి పాలయ్యెను. జెలటిను పళ్లెము ముందటి యోపిక ఆనాడు లేకపోయెను.

1905లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. ఆ యేడే సినాయిలోని ఎల్ టోర్ క్వారంటైను స్థలమున, కలరా లక్షణములు లేకయే మరణించిన మక్కా యాత్రికులయందు గోట్ష్లిక్ ఒక వంపు క్రిమిని గనెను. అది రక్తకణములను కరగించుటచే వేరు తెగగా నెన్నబడెను. కాక్ 1910లో గతించెను. ఆ తెగయే 1961 మొదలు దేశదేశముల కలరాను వ్యాపింపజేసినది.

ఈ జాతి క్రిములు ఉప్పుటేళ్లలోను, సముద్రతీర జలములలోను సహజముగా నివసించునని తరువాత దెలిసినది. 1950లో ఒసాకా నగరమున, చేపలు తినినవారికి విరేచనములు గల్గించిన మఱియొక దానిని ఫుజినో పండితుడు బయటబెట్టెను. నేటి పరీక్షాశాలలలో చక్కెర చేర్చిన పళ్లెముపై కలరాక్రిమి పసుపుపచ్చగాను, ఆ చేపలక్రిమి ఆకుపచ్చగాను మొలకెత్తును.