హీరోగా ఓడి, అక్బర్‌గా గెలిచిన ఎస్వీ రంగారావు

తెలుగు సినిమాలో అక్బర్ పాదుషా అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చే ముఖం ఎస్వీ రంగారావుది. అసలు పేరు సామర్ల వెంకట రంగారావు. 1918 జూలై 3న నూజివీడులో పుట్టారు. విశాఖపట్నంలో ఇంటర్, కాకినాడలో బీఎస్సీ చదివారు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌లో నాటకాలు వేశారు. అంజలీదేవి, ఆదినారాయణరావు కూడా అక్కడివాళ్లే.

డిగ్రీ అయ్యాక ఫైర్ సర్వీసులో ఉద్యోగం వచ్చింది. సినిమా కోసం దాన్ని వదిలేశారు. కానీ హీరోగా చేసిన మొదటి సినిమా 'వరూధిని' ఆడలేదు. వేషాలు రాలేదు. చేసేది లేక జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరారు.

కొన్నాళ్లకి 'పల్లెటూరి పిల్ల'లో విలన్ వేషానికి మద్రాసు నుంచి పిలుపొచ్చింది. సరిగ్గా అప్పుడే తండ్రి చనిపోయారు. కార్యాలు ముగించుకుని వెళ్లేసరికి ఆ వేషం వేరే వాళ్లకి వెళ్లిపోయింది. అయినా వెనక్కి తిరగలేదు. 'మనదేశం'లో దొరికిన చిన్న వేషమే వేశారు. 'షావుకారు'లో సున్నం రంగడుగా అందరి కళ్లలో పడ్డారు. 1951లో 'పాతాళభైరవి' నేపాళ మాంత్రికుడితో ఇక ఆయనకి తిరుగులేకపోయింది.

1955లో పాత క్లబ్ స్నేహితులే 'అనార్కలి' తీశారు. ఆదినారాయణరావు నిర్మాత, అంజలీదేవి అనార్కలి, రంగారావు అక్బర్. కొడుకు సలీంగా చేసిన అక్కినేనికీ ఆయనకీ నిజానికి పదేళ్ల తేడా కూడా లేదు. అయినా తెరమీద తండ్రిగానే కనిపించారు. న్యాయానికీ కొడుకు మీద ప్రేమకీ మధ్య నలిగిపోయే పాదుషాని చూపించారు.

ఆ తర్వాత 'మాయాబజార్' ఘటోత్కచుడు, 'బొబ్బిలి యుద్ధం' తాండ్ర పాపారాయుడు ఆయన్ని ఇంటింటికీ చేర్చాయి. 'నర్తనశాల'లో కీచకుడి పాత్రకి ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా ఎంపికయ్యారు. దర్శకుడిగా తీసిన 'బాంధవ్యాలు'కి నంది బహుమతి వచ్చింది.

1974 జూలై 18న గుండెపోటుతో మద్రాసులో కన్నుమూశారు. వయసు 56 ఏళ్లే. విదేశీ గడ్డ మీద గెలిచిన ఈ నటుడికి మన ప్రభుత్వం పద్మశ్రీ కూడా ఇవ్వలేదు. 2013లో మాత్రం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది. హీరో కాలేకపోయానని జంషెడ్‌పూర్‌లోనే ఆగిపోయి ఉంటే తెలుగువాళ్లకి ఆ మాంత్రికుడూ లేడు, ఆ పాదుషా కూడా లేడు.