చూపు లేకుండానే డ్రైవర్ని చదివినవాడు

క్రూయిజ్ కంట్రోల్ కనిపెట్టిన మనిషికి చూపు లేదంటే నమ్ముతారా? ఆయన పేరు రాల్ఫ్ టీటర్. 1890లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, హేగర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఐదేళ్లప్పుడు కత్తి తగిలి ఒక కన్ను దెబ్బతింది. ఏడాది తిరిగేసరికి రెండో కన్ను కూడా పోయింది.

ఇంట్లోవాళ్లు మాత్రం ఆయన్ని మూల కూర్చోబెట్టలేదు. మామూలు పిల్లాడిలాగే పెంచారు. వేళ్లతో తడిమి యంత్రాలు నేర్చుకున్నాడు. 1912లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో యుద్ధనౌకల టర్బైన్ రోటర్లను బ్యాలెన్స్ చేసే పద్ధతి కనిపెట్టాడు. తర్వాత పిస్టన్ రింగులు తయారుచేసే పర్ఫెక్ట్ సర్కిల్ కంపెనీకి ప్రెసిడెంటయ్యాడు.

ఆయన లాయరు ఒకాయన కారు నడుపుతూ, తను మాట్లాడేటప్పుడు స్పీడు తగ్గించేవాడట, ఎదుటివాళ్లు చెప్పేది వినేటప్పుడు పెంచేవాడట. పక్కన కూర్చున్న టీటర్‌కి ఆ కుదుపులు చిరాకు తెప్పించాయి. అక్కడ్నుంచే ఐడియా వచ్చిందని చెప్తారు. డ్యాష్‌బోర్డు మీద స్పీడు సెట్ చేస్తే, అది దాటగానే పెడల్ కాలిని వెనక్కి నెట్టేది. స్పీడుని అక్కడే పట్టి ఉంచే లాక్ తర్వాత వచ్చింది. 1950లో పేటెంట్ దొరికింది. 1958 మోడల్ క్రైస్లర్ కార్లలో అది మార్కెట్లోకి వచ్చింది. 1982లో ఆయన చనిపోయాడు.

కానీ కాలికి పని తగ్గితే మనసుకి కునుకు పట్టడం తేలిక. అందుకే ఇప్పుడు కారే డ్రైవర్ని గమనించాల్సి వస్తోంది. యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో నిద్రమత్తు హెచ్చరిక తప్పనిసరి.

మా మినీ ప్రాజెక్టు కూడా అదే. వెబ్‌క్యామ్‌తో కనురెప్పల మధ్య దూరం లెక్కగట్టి, కళ్లు మూతపడితే అలారం మోగిస్తాం. టీటర్ కథ చదివాక నాకో డౌటొచ్చింది. ఆ లాయరు కళ్లు తెరిచే ఉన్నాయి కదా! మా ప్రోగ్రాం అయితే ఆయన్ని పాస్ చేసేస్తుంది. ధ్యాస మాటల మీదకి పోయిందని పట్టుకున్నది చూపు లేని మనిషి, అదీ కారు కదలికని బట్టి. కళ్లతో పాటు స్పీడులో వచ్చే హెచ్చుతగ్గుల్ని కూడా లెక్కలోకి తీసుకుందామని మా టీమ్‌లో చెప్పాను. వచ్చే వారం నుంచి ఆ కోడ్ మొదలుపెడుతున్నాం.