క్రిస్టీ మాథ్యూసన్

అమెరికా దేశమున బేస్‌బాల్ అను ఆట మిక్కిలి ప్రసిద్ధము. మనమెఱిగిన క్రికెట్టునందువలెనే ఇందును ఒకడు బంతి విసరగా మఱియొకడు బ్యాటుతో కొట్టును. బంతి విసరువానికి పిచ్చరని పేరు. జట్టుయొక్క జయాపజయములు చాలవఱకు వాని నేర్పుమీదనే ఆధారపడియుండును. ఈ ఆటయే జీవనోపాధిగాగల తొలినాటి పిచ్చరులలో క్రిస్టీ మాథ్యూసన్ అగ్రగణ్యుడు.

ఇతడు 1880వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి ఫ్యాక్టరీవిల్ అను చిన్న యూర జన్మించెను. అచ్చటి కీస్టోన్ అకాడమీలో చదివి పిమ్మట బక్‌నెల్ విశ్వవిద్యాలయమున చేరెను. చదువునందును ఆటలయందును సమానముగ పేరొంది, తన తరగతికి అధ్యక్షుడుగ ఎన్నుకొనబడెను. ఆ కాలమున జీతము పుచ్చుకొని బేస్‌బాల్ ఆడువారు త్రాగుబోతులనియు, జగడగొండులనియు లోకమున అపకీర్తి యుండెను. అట్టి వృత్తిలో నీ విద్యావంతుడు ప్రవేశించెను.

ప్రారంభమున నతనికి పరాభవమే కలిగెను. 1900లో నార్‌ఫోక్ జట్టున 20 ఆటలు గెలిచి, గొప్ప జట్టగు న్యూయార్కు జెయింట్సులో చేరగా, అచ్చట 3 ఆటలు ఓడి, ఒక్కటియు గెలువలేక వెనుకకు పంపబడెను. అయినను అతడు నిరాశ చెందలేదు. మరుసటి సంవత్సరము అదే జట్టునకు మరల వచ్చి 20 ఆటలు గెలిచెను. చేతిని లోపలివైపునకు త్రిప్పి విసరు నొక వింత బంతి అతని ప్రత్యేకవిద్య. అది చేతికి మిక్కిలి శ్రమ కలిగించునది గావున అవసరమైనప్పుడే ప్రయోగించుచుండెను. బలముకంటె గుఱియే అతని ఆయుధము. ఆదివారమున బంతి విసరకుండుట అతని నియమము. జట్టువారును దానిని మన్నించిరి.

1905వ సంవత్సరపు వరల్డ్ సిరీసు పోటీలలో ఫిలడెల్ఫియా జట్టుపై, అక్టోబరు 9 మొదలు 14 వఱకు, ఆరు దినములలో మూడు ఆటలు ఆద్యంతము తానే విసరి, ఎదుటివారికి ఒక్క పరుగైన దక్కనీయలేదు. 1908లో 37 ఆటలు గెలిచెను. 1913లో వరుసగ 68 ఇన్నింగ్సులవఱకు గుఱితప్పిన బంతులచే ఒక్క బ్యాటువానికైన ఉచితముగ ముందునకు సాగు అవకాశ మీయలేదు. మొత్తముమీద అతని విజయములు 373.

అయినను అతని నిజమైన పరీక్ష తరువాత వచ్చెను. 1916లో సిన్సినాటి జట్టునకు నిర్వాహకుడయ్యెను. ఆ జట్టున హాల్ చేస్ అను నేర్పరి ఆటగాడొకడుండెను. వాడు జూదగాండ్రతో చేరి కావలెనని ఓడుచున్నాడని అనుమానము కలుగగా, మాథ్యూసన్ 1918 ఆగస్టులో వానిని ఆటనుండి తొలగించెను. అట్టి ఆటగానిని పోగొట్టుకొనుట జట్టునకు నష్టమే. కాని వానిని ఉంచుకొనుట ఆటకే అపచారమని యెంచెను. పిమ్మట మాథ్యూసన్ యుద్ధసేవకై ఫ్రాన్సునకు వెళ్లియుండగా విచారణ జరిగెను. సాక్ష్యము చాలదని చేస్ విడువబడెను. ఆ సంవత్సరమే, అనగా 1919లో, చికాగో ఆటగాండ్రు కొందఱు లంచము పుచ్చుకొని వరల్డ్ సిరీసును ఓడిపోయిరి. అది బయలుపడగా దేశమెల్ల సిగ్గుపడెను. అతని హెచ్చరిక యెంత అవసరమో అప్పుడు తెలిసివచ్చెను.

యుద్ధకాలమున నతడు విషవాయువులకు సంబంధించిన సేనాశాఖలో కాప్టెనుగ నుండెను. తిరిగివచ్చినపిదప క్షయవ్యాధి బయటపడగా, 1920లో సారనాక్ లేక్ అను కొండప్రదేశమునకు చికిత్సకై వెళ్లెను. కొంత నెమ్మదింపగా 1923లో బోస్టన్ బ్రేవ్స్ జట్టునకు అధ్యక్షపదవి వహించెను. కాని రోగము మరల విజృంభింప, 1925 అక్టోబరు 7వ తేదీన తన 45వ యేట మరణించెను. వరల్డ్ సిరీసు ఆనాడే ప్రారంభమాయెను. మరునాడు ఆటగాండ్రు నల్లగుడ్డలు చేతికి కట్టుకొని ఆడిరి. 1936లో బేస్‌బాల్ కీర్తిమందిరమునకు మొట్టమొదట ఎన్నికైన అయిదుగురిలో నతడొకడు.

బాలురారా! అతని విజయముల సంఖ్యను మీరు మఱచినను మఱువవచ్చును. ఓడుట సిగ్గుకాదనియు, కావలెనని ఓడుటయే సిగ్గనియు అతని జీవితము తెలుపుచున్నది. మన మైదానమున బంతి చేతబట్టినప్పుడెల్ల ఈ మాట మీ మనస్సున నుండుగాక!