విలియం కేరీ గారి తోట

విలియం కేరీ గారి పేరు వినని సంఘము మనలో లేదనుకొందుము. ఆయన చేసిన బైబిలు తర్జుమాలను గూర్చియు, సహగమనమును మాన్పించుటకు ఆయన పడిన ప్రయాసను గూర్చియు అనేకులు చెప్పుదురు. ఆయన తోటను గూర్చి చెప్పువారు తక్కువ. కావున ఈ నెల ఆ తోటలోనికి వెళ్లుదము.

ఆయన 1761 ఆగస్టు 17న ఇంగ్లాండులో పాలర్స్‌పరీ అను పల్లెలో ఒక నేతగాని ఇంట పుట్టెను. తోటమాలియైన పినతండ్రి వలన ఆ బాలునికి మొక్కలపై ప్రీతి కలిగెను. పురుగులను, పిట్టలను, మొక్కలను తెచ్చి తన గదిలో పెట్టుకొనెడివాడు. అయితే చర్మవ్యాధి వలన ఎండను ఓర్వలేకపోయెను. తండ్రి అతనిని చెప్పులు కుట్టు పనిలో పెట్టెను. అట్టివాడు తరువాత నలువది యేండ్లు బెంగాలు ఎండలో బ్రదికెను!

1793లో కుటుంబముతో కలకత్తా చేరెను. మరుసటి యేడు అయిదేండ్ల కుమారుడు పీటరు విరేచనముల రోగముతో మరణించెను. భార్య డొరతి మతి చలించి, 1807లో చనిపోవువరకు కోలుకొనలేదు. ఈ సంగతిని కప్పిపుచ్చి కేరీ గారిని పొగడుట మాకు ఇష్టము లేదు. ఆయన పరిచర్యకు ఆమె కూడ వెల చెల్లించెను.

1800లో ఆయన డేనిషువారి ఏలుబడిలోనున్న శ్రీరాంపూరునకు వచ్చి, అయిదు ఎకరముల తోట వేసెను. అది పూలకొరకు మాత్రమే వేసిన తోట కాదు. స్వీడను పండితుడు లిన్నేయస్ పూవులోని కేసరములను లెక్కించి మొక్కలకు తరగతులు ఏర్పరచియుండెను. ఆ వరుసనుబట్టియే కేరీ గారు మొక్కలను నాటించెను. తెల్లవారుజామున అక్కడనే ప్రార్థించుకొని, మొక్కలను చూచుకొని, తరువాత తర్జుమా పనికి కూర్చుండెడివాడు.

ఈ తోటకు మన తెలుగు నేలతో చుట్టరికమున్నది. మన సామర్లకోటలో వైద్యుడుగా నుండి, అక్కడ మిరియము మొదలగు మొక్కలను పెంచిన రాక్స్‌బర్గు దొర 1793లో కలకత్తా కంపెనీ తోటకు అధికారియాయెను. ఆయన కేరీ గారికి ప్రాణస్నేహితుడు. మన అడవులలో తెల్లని పెద్ద పూలు పూయు కుంభి చెట్టునకు శాస్త్రములో కేరియా అని పేరు పెట్టినది ఆయనయే. ఆయన వ్రాసిన మొక్కల పట్టికను 1814లో కేరీ గారు శ్రీరాంపూరులో అచ్చువేయించెను. రాక్స్‌బర్గు చనిపోయిన తరువాత ఆయన గొప్ప గ్రంథమును కూడ 1820లో వెలికి తెచ్చెను. ఆ 1814లోనే కేరీ గారి తెలుగు వ్యాకరణమును వెలువడెను. దాని వ్రాతప్రతి 1812 మార్చి 11న ముద్రణశాలకు నిప్పంటుకొన్నప్పుడు కాలిపోగా, ఆయన మరల వ్రాసెను.

సువార్తికునికి మొక్కలతో ఏమి పని అని అడుగువారు నాడును ఉండిరి, నేడును కలరు. మేము ఆదికాండము రెండవ అధ్యాయమును చూపుదుము, అంతకంటె వాదింపము. కేరీ గారు రైతుల నేలలను, నాసి పంటలను, వారి ఆకలిని కన్నులార చూచెను. అందుచేతనే 1820లో వ్యవసాయ, ఉద్యాన సంఘమును స్థాపించెను.

ఒకసారి ఇంగ్లాండు నుండి ఒక స్నేహితుడు విత్తనముల సంచి పంపెను. విత్తనములు తీసికొనిన పిమ్మట, సంచిలో మిగిలిన మట్టిని కేరీ గారు నీడచోట దులిపెను. కొన్ని దినములకు అక్కడ డైసీ అను చిన్న పువ్వు మొలిచెను. అది ఆయన స్వదేశములో కాలిక్రింద నలిగెడి గడ్డిపూవు. ముప్పది యేండ్లుగా దానిని చూడని ఆయన ఎంతో సంతోషించెను. వానకాలమున అది చచ్చిపోవును గనుక ప్రతి యేడు విత్తనము తీసి మరల వేయుచుండెను.

1823 అక్టోబరులో పడవ దిగుచు జారిపడి నడువలేకపోయెను. ఆ మంచముమీద నుండగనే వరద వచ్చి, ఆయన ఇల్లును తోటను పాడుచేసెను. ఎన్నో యేండ్లు కూర్చిన మొక్కలు నశించెను. కఱ్ఱల సాయముతో లేచి తిరిగి నాటనారంభించెను. 1831లో తుపాను వచ్చి పెద్ద చెట్లను కూల్చెను. అప్పటికి ఆయనకు ఎదురెదురు డెబ్బది యేండ్లు.

చివరి దినములలో చక్రముల కుర్చీలో తోటకు తీసికొని పోయెడివారు. అదియు సాగనప్పుడు మాలులను మంచము నొద్దకు పిలిపించుకొని ఏ మొక్క ఎట్లున్నదో అడిగి తెలిసికొనెడివాడు. ఒకనాడు మిక్కిలి దిగులుగా నుండగా కారణమడిగిరి. తాను పోయిన వెనుక మార్ష్‌మన్ గారు తోటలోనికి ఆవులను తోలునని భయపడుచున్నానని ఆయన చెప్పెను. మాకు నవ్వు వచ్చెను గాని, గుడి ఆవరణలో మేము నాటిన వేపమొక్కలను మేకలు మేసిన దినము జ్ఞాపకము రాగా నవ్వు నిలిచిపోయెను. మార్ష్‌మన్ గారు వెంటనే వచ్చి, తనకు మొక్కల సంగతి తెలియకపోయినను తోటను పవిత్రమైన బాధ్యతగా కాపాడెదనని మాట యిచ్చిరి.

కేరీ గారు 1834 జూన్ 9న ప్రభువునందు నిద్రించెను. మార్ష్‌మన్ గారును మూడేండ్లకు పోయిరి. తోట యున్న నేల తరువాతి కాలములో జూటు మిల్లు పాలాయెను. కుంభి మాత్రము మన కొండలలో వేసవికి పూయుచునే యున్నది. పశువుల కాపరులు దాని నారతో తాళ్లు పేనుకొందురు.