రియర్ అడ్మిరల్ గ్రేస్ హాపరు

గ్రేస్ హాపరు 1906వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున, గడియారము నడచు విధము నెరుంగగోరి, ఇంటిలోని అలారము గడియారము లేడింటిని ఒకదానివెంట నొకటి విప్పివైచెనట. పదునారవ యేట వాసరు కళాశాలలో ప్రవేశము గోరగా లాటిను పరీక్షలో మార్కులు చాలకపోయెను. ఒక యేడాది నిలిచి చదివి 1924లో చేరెను. 1928లో పట్టభద్రురాలై, 1934లో యేలు విశ్వవిద్యాలయమున గణితశాస్త్రమున డాక్టరు బిరుదము నందెను. వాసరులోనే గణితము బోధించుచుండెను.

యుద్ధము వచ్చినది. 1943లో నౌకాదళమున చేరబోగా, ఉండవలసినదానికంటె 15 పౌనులు బరువు తక్కువయని యాక్షేపించిరి. ప్రత్యేకానుమతి సంపాదించి చేరి, 1944లో హార్వర్డునందలి మార్కు-1 అను గణనయంత్రమునకు ఆజ్ఞలు వ్రాయు పనిలో నియుక్తురాలయ్యెను.

1949లో ఫిలడెల్ఫియాలో యూనివాకు యంత్రమును నిర్మించు సంస్థలో ప్రవేశించెను. ఆ దినములలో ఒకరు వ్రాసిన ఆజ్ఞావళిని మరియొకరు చేతితో నకలు చేసికొని, అందలి చిరునామాల నన్నిటిని కొత్త స్థానమునకు తగినట్లు కూడి మార్చుకొనెడివారు. నకలులో బి అక్షరము 13గా మారెడిది, కూడికలు తప్పెడివి. ఈ చాకిరిని యంత్రమే చేయవలెనని హాపరు తలచెను. యంత్రము లెక్కలు చేయునే గాని ఆజ్ఞలు కూర్చజాలదని పలువురు నమ్ముచుండిరి. ఆమె మానలేదు.

పనిలో నొక చిక్కు గలదు. ఆజ్ఞావళులను టేపునుండి ఒక్కమారే వరుసగా చదివి అమర్చవలెను. వెనుకకు జంపు చేయవలసినచో ఆ స్థానము తెలిసియే యుండును. ఇంకను అమర్చని ముందరి భాగమునకు జంపు చేయుటెట్లు?

ఉపాయము ఆటస్థలమునుండి వచ్చినది. ఆమె కళాశాలలో బాస్కెట్టుబాలు ఆడినది. నాటి స్త్రీల నియమములు మన బాలికలు నేడాడు నియమములకు భిన్నములు. బంతిని ఒక్కసారి మాత్రమే నేలకు కొట్టవచ్చును, మధ్యగీతను దాటరాదు. కనుక ముందున్న తోడి క్రీడాకారిణికి విసరుటే గతి. అటులనే హాపరు జ్ఞాపకస్థలము చివర కొంత చోటు విడిచెను. ముందుకు పోవలసిన జంపును మొదట అచ్చటికి పంపి, గమ్యమైన భాగమునకు ఒక గురుతు ఉంచెను. ఆ భాగము అమరినప్పుడు గురుతు చూచి, ఆ మూలనుండి తన మొదటికి రెండవ జంపును వ్రాయును. అద్దంకి వైపునుండి గుంటూరు యార్డునకు టిక్కీలు తెచ్చు రైతు ఏ బసలో దిగునో తెలియనప్పుడు, కమీషను కొట్టులో కబురుంచి, అతడు వచ్చిన పిదప అచ్చటినుండియే బస తెలిసికొనుట వంటిది.

ఏ-0 అను ఈ కూర్పు 1952 నాటికి పనిచేసెను. నేటివారు దానిని లింకరుగా నెంచుట యధికము. నేటి లింకర్లకు చిక్కు వేరు: గమ్యము తెలిసియుండియు దూరమగును. 32 బిట్ల ఆర్మ్ యంత్రమున సాధారణ జంపు ఇరువైపుల ఇంచుమించు 32 మెగాబైట్లు మాత్రమే పోగలదు. అంతకు మించినచో లింకరు దరిలో చిన్న మజిలీ నిర్మించి, జంపును అచ్చటికి పంపి, అచ్చటినుండి పూర్తి చిరునామాతో సాగనంపును. మందు మాత్ర మదియే.

హాపరు 1966లో విరమించియు, మరుసటి యేట నౌకాదళము పిలువగా తిరిగి వచ్చెను. 1986లో 79 ఏండ్ల ప్రాయమున రియర్ అడ్మిరల్ పదవినుండి విరమించెను. 1992 జనవరి 1వ తేదీన మరణింపగా, ఆర్లింగ్టను జాతీయ శ్మశానమున సైనిక మర్యాదలతో ఖననము చేసిరి.