వేగానికి వినయం నేర్పిన రైతుబిడ్డ జిమ్ క్లార్క్

వేగంగా నడపడం వేరు, చక్కగా నడపడం వేరు. ఈ రెండింటికీ గల భేదాన్ని తన జీవితంతోనూ, చివరకు తన మరణంతోనూ లోకానికి తెలియజెప్పిన వ్యక్తి జిమ్ క్లార్క్. కారు పందేల చరిత్రలో అగ్రశ్రేణికి చెందిన ఈ స్కాట్లండ్ వాసి వృత్తిరీత్యా రైతు. పందెం ఆయనకు మొదట జీవనోపాధి కాదు, తీరికవేళల సరదా మాత్రమే. సైకిలు దిగి మోటారు వాహనం ఎక్కాలని ఉవ్విళ్లూరే వయస్సులోని విద్యార్థులు తెలుసుకోదగిన జీవితం ఆయనది.

జిమ్ క్లార్క్ 1936 మార్చి 4వ తేదీన స్కాట్లండులోని ఫైఫ్ ప్రాంతంలో కిల్మనీ గ్రామంలో జన్మించాడు. నలుగురు అక్కల తరువాత పుట్టిన ఏకైక కుమారుడు. 1942లో ఆ కుటుంబం ఇంగ్లండు సరిహద్దుకు చేరువలోని చర్న్‌సైడ్ గ్రామ సమీపానికి తరలివెళ్లి, ఎడింగ్టన్ మెయిన్స్ అనే వ్యవసాయక్షేత్రంలో స్థిరపడింది. పదహారేళ్ల ప్రాయంలోనే చదువు చాలించి క్లార్క్ సేద్యపు పనుల్లో ప్రవేశించాడు. గొర్రెలు, పశువులు, పైరు పంటలు ఇవే ఆయన లోకం. ఒక్కగానొక్క కొడుకు పందేల్లో పాల్గొనడం తల్లిదండ్రులకు ఎంతమాత్రం ఇష్టం లేదు. అయినా చుట్టుపక్కల జరిగే చిన్న చిన్న పోటీలు ఆ యువకుణ్ణి ఆకర్షించాయి.

1956 జూన్‌లో క్రైమండ్ అనే చోట, మిత్రుడు ఇయాన్ స్కాట్ వాట్సన్‌కు చెందిన డి.కె.డబ్ల్యు. కారులో ఆయన తొలిసారి పందెపు బాటపై అడుగుపెట్టాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వేలే యుద్ధానంతరం బ్రిటన్‌లో పందెపు బాటలయ్యాయి. క్రైమండ్, చార్టర్‌హాల్ అటువంటివే. మన చెన్నై సమీపాన షోలవరంలోనూ ఇదే జరిగింది. యుద్ధకాలపు రన్‌వేపై అక్కడ దశాబ్దాల పాటు పందేలు సాగాయి. 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు ఆ ముచ్చటను పోషించి, 1990లో ఇరుంగాట్టుకోట్టై వద్ద ప్రత్యేకమైన ట్రాకును నెలకొల్పింది.

ఔత్సాహికుల పందెమంటే కళ్లు మూసుకుని కారును ఉరికించడమని చాలామంది భావిస్తారు. అది సరికాదు. పందేనికి ముందు ప్రతి కారునూ పరీక్షకులు తనిఖీ చేస్తారు. బ్రేకులు, టైర్లు, చక్రాల బిగింపు సరిగా లేని వాహనాన్ని బాటమీదికి రానివ్వరు. తలకు శిరస్త్రాణం ధరించనివారికి ప్రవేశం లేదు. పసుపుపచ్చ జెండా కనిపిస్తే ముందు ప్రమాదమున్నదని గ్రహించి, ఎవరినీ దాటకుండా నెమ్మదించాలి. ఎర్రజెండా ఎగిరితే పందెం ఆపవలసిందే. ఎంతటి వీరుడికైనా ఈ నియమాలనుండి మినహాయింపు లేదు.

ఈ పాఠశాలలో క్లార్క్ సాధించిన విద్య మృదుత్వం. స్టీరింగును కుదుపుతో తిప్పేవాడు కాడు, బ్రేకును హఠాత్తుగా తొక్కేవాడు కాడు. ఆయన కారు బ్రేకులు, టైర్లు ఇతరుల వాటికన్నా తక్కువగా అరగడం మెకానిక్కులను ఆశ్చర్యపరిచేది. ఇందులోని రహస్యం సులభమైనదే. టైరుకు నేలపై ఉండే పట్టు పరిమితం. ఆ పట్టును బ్రేకుకూ మలుపుకూ పంచుకోవాలి. రెండింటికీ ఒకేసారి పూర్తిగా వాడితే కారు జారుతుంది. కనుక మలుపులో ప్రవేశించక ముందే వేగం తగ్గించుకోవాలి, చూపును చక్రం ముందు కాక దూరాన నిలపాలి. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగడానికి కావలసిన దూరం నాలుగు రెట్లవుతుందన్న భౌతికశాస్త్ర సూత్రాన్ని పందెగాడు తన శరీరంతో నేర్చుకుంటాడు.

1958 డిసెంబరు 26న బ్రాండ్స్ హ్యాచ్‌లో లోటస్ సంస్థ అధిపతి కోలిన్ చాప్‌మన్‌తోనే పోటీపడి క్లార్క్ రెండవ స్థానం పొందాడు. ఆ పరిచయమే ఆయనను 1960లో ఫార్ములా వన్‌కు చేర్చింది. 1963లో పది పందేల్లో ఏడింటిని గెలిచి ప్రపంచ విజేత అయ్యాడు. 1965లో మళ్లీ ఆ కిరీటం దక్కించుకుని, అదే ఏడాది అమెరికాలోని ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందెంలో 200 చుట్లకుగాను 190 చుట్లు ముందు నిలిచి గెలుపొందాడు. 1968 జనవరి 1న దక్షిణాఫ్రికాలో సాధించిన విజయం ఆయనకు ఇరవై ఐదవది. దానితో ఫాంజియో నెలకొల్పిన రికార్డు చెరిగిపోయింది.

ఈ కీర్తి వెనుక విషాదం కూడా ఉన్నది. 1960లో బెల్జియంలోని స్పా బాటపై ఒకే పందెంలో ఇద్దరు యువకులు, క్రిస్ బ్రిస్టో, అలన్ స్టేసీ, ప్రాణాలు కోల్పోయారు. ఆ బాటను క్లార్క్ జీవితాంతం ద్వేషించాడు. అయినా 1962 నుండి వరుసగా నాలుగేళ్లు అక్కడే గెలిచాడు. 1961లో ఇటలీలోని మోంజాలో ఆయన కారుకు వాన్ ట్రిప్స్ కారు తగిలిన ప్రమాదంలో, ట్రిప్స్‌తోపాటు ప్రేక్షకులు కూడా పలువురు మరణించారు. ఆ వేదన ఆయనను చాలాకాలం వెన్నాడింది.

1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో ఒక ఫార్ములా టూ పందెం జరుగుతున్నది. బాట తడిగా ఉన్నది. ఐదవ చుట్టులో క్లార్క్ కారు అదుపుతప్పి పక్కనున్న చెట్లను ఢీకొన్నది. అప్పటికి ఆయన వయస్సు 32 సంవత్సరాలు. వెనుక టైరులో గాలి తగ్గిపోవడమే కారణమని ఎక్కువమంది అభిప్రాయం. బాటకూ చెట్లకూ మధ్య అడ్డుకంచె లేదు.

అంతటి నేర్పరికే ఇలా జరిగితే ఇక మామూలువారి గతి ఏమిటన్న భయం తోటి డ్రైవర్లందరినీ ఆవహించింది. 1966లో స్పాలో ప్రమాదానికి గురై, పెట్రోలు కారుతున్న కారులో చిక్కుకుని బయటపడిన జాకీ స్టీవార్ట్ అప్పటికే భద్రత కోసం పోరాడుతున్నాడు. క్లార్క్ మరణంతో ఆ పోరాటానికి బలం చేకూరింది. 1970 నాటికి హాకెన్‌హైమ్‌లో ఇనుప కంచెలు, వేగాన్ని తగ్గించే మలుపులు వచ్చాయి. 1972 నుండి ఫార్ములా వన్‌లో సీటుబెల్టు తప్పనిసరి అయింది. నైపుణ్యం ఎంత ఉన్నా, దానికి తోడు రక్షణ ఉండితీరాలని లోకం అంగీకరించడానికి ఇన్ని ప్రాణాలు బలికావలసి వచ్చింది.

పందెపు బాటపై అందరూ ఒకే దిక్కుకు సాగుతారు. ఎదురుగా లారీ రాదు, అడ్డంగా పశువు రాదు, బడి వదిలిన పసిపిల్లలు పరుగెత్తరు. మన రోడ్లపై ఇవన్నీ ఉన్నాయి. కనుక బాటమీది సాహసాన్ని కాక, అక్కడి క్రమశిక్షణనే మనం రోడ్డుమీదికి తెచ్చుకోవాలి. బయలుదేరే ముందు టైరులో గాలి చూసుకోవడం, శిరస్త్రాణం పెట్టుకోవడం, బెల్టు బిగించుకోవడం, మలుపుకు ముందే నెమ్మదించడం పిరికితనం కాదు. విజేతలు నేర్పిన విద్య.

చర్న్‌సైడ్ శ్మశానవాటికలో క్లార్క్ సమాధిపై ముందుగా రైతు అనీ, ఆ తరువాతనే పందేల విజేత అనీ చెక్కి ఉన్నది. వేగానికి దాసుడు కాక, వేగాన్ని అదుపులో ఉంచుకున్న ఆ వినయశీలికి తగిన స్మారకం అదే.